"నొప్పి అస్సలు లేదు మేడమ్, ఇంక ఆడొచ్చా?"

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మోకాళ్ళవే ఎక్కువ. మూడింటికి జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి చోటు ఎక్కువ తీసుకున్నాను. ఆ అమ్మాయికి ఇంకా ఆడాల్సిన ఏళ్ళు చాలా ఉన్నాయి, మిగతా ఇద్దరూ నన్ను మన్నించాలి.

ప్రశ్న: మేడమ్, నాకు 19 ఏళ్ళు. చంద్రగిరి దగ్గర పల్లె మాది, తిరుపతిలో డిగ్రీ చదువుతున్నా. కబడ్డీలో రైడర్‌ని. సంక్రాంతి పోటీల్లో కూతకు పోయి వెనక్కి తిరిగేటప్పుడు, ఎవరూ పట్టుకోకుండానే ఎడమ మోకాలు మెలిబడింది. టక్కుమని శబ్దం వినపడింది. ఏసీఎల్, అంటే మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు, పూర్తిగా తెగిందన్నారు. ఫిబ్రవరి నెలాఖరులో తొడ వెనక నుంచి నరం తీసి ఆపరేషన్ చేశారు. ఇప్పటికి ఆరు నెలలు. నొప్పి అస్సలు లేదు, వాపు లేదు. మెట్లెక్కుతా, స్కూటీ నడుపుతా, మెల్లగా పరిగెత్తుతా కూడా. ఇంకో నెలలో యూనివర్సిటీ సెలక్షన్లు. మా కోచ్ సార్ "మోకాలికి నీక్యాప్ వేసుకుని ఆడు, ఏం కాదు" అంటున్నారు. మా నాయన ఆటే వద్దంటున్నాడు. నేను ఎవరి మాట వినాలి?

జవాబు: తల్లీ, నీ ఉత్తరంలో "నొప్పి అస్సలు లేదు" అన్నచోట పెన్నుతో రెండు గీతలు గీశావు. నాకు భయమేసింది ఆ గీతలు చూసే. ముందు సూటిగా చెప్పేస్తాను: ఈ సెలక్షన్లకు నువ్వు కోర్టులో దిగొద్దు. మీ నాయన చెప్పినట్టు ఆట మానెయ్యనూ వద్దు. ఇద్దరి మాటా పూర్తిగా వినకుండా, నీ కాలు చెప్పే మాట వినాలి. అది ఎలా వినాలో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

తెగిన ఆ లిగమెంటు పొడవు 3 సెంటీమీటర్ల పైచిలుకు, అంతే. నీ చిటికెన వేలంత కూడా ఉండదు. తొడ ఎముకనూ కింది ఎముకనూ లోపల పట్టి ఉంచి, కింది ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా ఆపేది అదే. రైడర్ పని చూడు: ముప్పై సెకన్లలో వెళ్ళాలి, తాకాలి, ఒక్క కాలిమీద గిరుక్కున తిరిగి గీతకు రావాలి. ఆ తిరగడంలోనే ఏసీఎల్ మీద బరువంతా పడుతుంది. అందుకే ఎవరూ ముట్టుకోకుండానే తెగింది. ఇది నీ ఒక్కదానికే కాదు, ఏసీఎల్ తెగిన పదిమందిలో ఏడుగురికి దాదాపు ఇట్లానే, ఎవరూ తగలకుండానే తెగుతుంది.

ఇక వేసిన కొత్త తాడు సంగతి. మనవాళ్ళు నరం అంటారు గానీ అది నరం కాదు, కండను ఎముకకు కట్టి ఉంచే పట్టీ, టెండాన్. దాన్ని ఒకచోట నుంచి తీసి మరోచోట బిగించారు. మీ మడిలో నారు పీకి నాటినప్పుడు చూసే ఉంటావు, ముందు వాడిపోయి తలవాలుస్తుంది, తర్వాత కదా వేరు పట్టేది. లోపల జరిగేదీ అదే. రక్తం అందక మొదట దాని కణాలు చనిపోతాయి, తర్వాత కొత్త రక్తనాళాలు పాకుతాయి, కొత్త కణాలు చేరతాయి, అది నెమ్మదిగా లిగమెంటు రూపానికి మారుతుంది. ఆపరేషన్ అయిన ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా అది అన్నిటికంటే బలహీనంగా ఉండే సమయం. నీ లెక్కలో ఏప్రిల్ సగం నుంచి మే నెలాఖరు దాకా. ఒకసారి గుర్తు తెచ్చుకో, నీకు నొప్పి తగ్గి "బాగుండాదే" అనిపించింది కూడా ఆ రోజుల్లోనే కదా? నొప్పి తగ్గడానికీ తాడు గట్టిపడడానికీ సంబంధం లేదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం నా దగ్గర లేదు. అది పూర్తిగా కుదురుకోవడానికి ఏడాది పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ.

అమెరికాలో, నార్వేలో ఏసీఎల్ ఆపరేషన్ అయిన 106 మందిని రెండేళ్ళపాటు గమనించి 2016లో ఒక అధ్యయనం ప్రకటించారు. పెద్ద సంఖ్య కాదు, కానీ నేను నా దగ్గరికొచ్చే ప్రతి ఆటగాడికీ ఈ లెక్క చెబుతాను. 9 నెలలు నిండేదాకా ఆట వాయిదా వేసిన ప్రతి నెలకూ మోకాలు మళ్ళీ దెబ్బతినే ప్రమాదం దాదాపు సగానికి తగ్గుతూ వచ్చింది. బలం పరీక్షలూ గెంతు పరీక్షలూ పాసవకుండానే ఆడినవాళ్ళలో 38 శాతం మందికి మళ్ళీ దెబ్బ తగిలింది, పాసై ఆడినవాళ్ళలో 6 శాతం లోపే. నీకు 9 నెలలు నిండేది నవంబరు నెలాఖరుకు. పాతికేళ్ళ లోపువాళ్ళు ఆటకు తిరిగి వెళితే నలుగురైదుగురిలో ఒకరికి మళ్ళీ ఏసీఎల్ తెగుతోంది, అది ఆపరేషన్ చేసిన కాలే కానక్కర్లేదు, బాగున్న కాలైనా కావచ్చు. బ్యాడ్మింటన్ చూస్తావో లేదో, కరోలినా మారిన్‌కు 2019లో కుడి మోకాలు, 2021లో ఎడమ మోకాలు, 2024 పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో మళ్ళీ కుడి మోకాలు. ప్రపంచంలోకెల్లా మంచి వైద్యం అందే మనిషికే అలా జరిగింది.

నేనూ రైడర్‌నే తల్లీ. డిగ్రీలో ఉండగా మట్టి కోర్టులో నా కుడి మోకాలు పోయింది. అప్పట్లో మాకు ఎమ్మారై లేదు, ఫిజియో అన్న మాటే తెలీదు. క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని మూడు నెలలు ఇంట్లో కూర్చున్నా. వాపు దిగిపోయింది, నడక బాగుంది, టోర్నమెంటుకు పిలిచారు, పోయాను. మొదటి మ్యాచ్ బాగానే జరిగింది. రెండో మ్యాచ్‌లో నాలుగో కూతకు మోకాలు జారి లోపలి మెనిస్కస్, అంటే ఎముకల మధ్య ఉండే మెత్త, కూడా చిరిగింది. ఆ రోజు నా తొడను ఎవరైనా చూసి ఉంటే తెలిసేది, రెండో తొడకంటే బాగా సన్నగా ఉండేది. ఎవరూ చూడలేదు. ఇప్పుడు నాకు 52. ముగ్గు కూర్చుని వెయ్యలేను. నువ్వు 52 ఏళ్ళకు ముగ్గు కూర్చుని వెయ్యాలని నాకు కోరిక.

సరే, కాలు సిద్ధమైందో లేదో చూడడం ఎట్లా? ఒక టైలర్ టేపు తెచ్చుకో. కాలు చాపి కూర్చుని, మోకాలి చిప్ప పైఅంచు నుంచి పైకి 15 సెంటీమీటర్లు కొలిచి స్కెచ్ పెన్నుతో గీత పెట్టు. అక్కడ తొడ చుట్టుకొలత తీసుకో, రెండు కాళ్ళకూ. ఒక సెంటీమీటరు తేడా ఉంటే సర్దుకోవచ్చు, రెండు మూడు సెంటీమీటర్లు ఉంటే కండ ఇంకా రాలేదనే. తర్వాత ఒంటికాలి మీద కుర్చీలోంచి లేవడం. మోకాలు తొంభై డిగ్రీలు వంగేంత ఎత్తు కుర్చీ తీసుకో, చేతులు గుండెమీద పెట్టుకో, రెండో కాలు గాల్లో ఉండాలి. మంచి కాలితో ఎన్నిసార్లు లేచావు, ఆపరేషన్ కాలితో ఎన్నిసార్లు? నా దగ్గర ఇరవై దాటితే గానీ పరుగు వేగం పెంచనివ్వను. జిమ్‌లో లెగ్ ఎక్స్‌టెన్షన్ మిషన్ ఉంటే ఒక్కో కాలు విడివిడిగా ఎంత బరువు ఎత్తుతుందో మీ ఫిజియో ముందు చూసుకో, బాగున్న కాలు బలంలో 90 శాతం రావాలి. ఆర్నెల్లు ఆట లేక ఆ బాగున్న కాలు కూడా తగ్గి ఉంటుంది, అందుకని అసలు 90 సరిపోదనే నా అభిప్రాయం, 95 అడుగుతాను.

తర్వాత గెంతు. ఇది ఒంటరిగా చెయ్యొద్దు, ఫిజియో పక్కనుండి సరేనన్నాకే. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పోయిన ఏడాది మా క్లినిక్ మిద్దెమీద సుద్దగీత గీసి, నీలాంటి ఒక వాలీబాల్ అమ్మాయిని ఒంటికాలితో గెంతమన్నాను. మంచి కాలితో 138 సెంటీమీటర్లు, ఆపరేషన్ కాలితో 132. అంటే 96 శాతం. వాళ్ళమ్మ చప్పట్లు కొట్టింది. నేను ఫోన్‌లో తీసిన వీడియోను నిదానం చేసి చూపించాను. మంచి కాలు నేలను తాకగానే స్ప్రింగులా వంగి బరువంతా మింగింది. ఆపరేషన్ కాలు కర్రలా నిటారుగా దిగింది, మోకాలు వంగనే లేదు, నడుము ముందుకు తూలి, తుంటితో సర్దుకుంది. కుర్చీ పరీక్ష పెడితే మంచి కాలితో 24 సార్లు, ఆ కాలితో 11 సార్లు. దూరం సరిపోయింది, మోకాలు మాత్రం పని చెయ్యడం లేదు, తుంటీ చీలమండా కలిసి దాని పని చేస్తున్నాయి. ఆ అమ్మాయి ఏడ్చింది. ఇంకో మూడున్నర నెలలు కష్టపడి వచ్చింది. అందుకే నిన్ను అడుగుతున్నాను, ఎంత దూరం గెంతావో రాయకు, ఎలా దిగావో వీడియో తీసి చూడు. మోకాలు లోపలికి, రెండో కాలి వైపు వాలిపోతోందా? చిప్ప కాలి రెండో వేలికి నేరుగా ఉందా? పరిగెత్తి అలిసిపోయాక మళ్ళీ గెంతి చూడు. మ్యాచ్‌లో కాళ్ళు జారేది అలిసిపోయినప్పుడే.

భయం గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. ఉందా? ఉంటే దాచుకోవద్దు. భయంతో ఆడే అమ్మాయి తిరిగేటప్పుడు ఒక క్షణం ఆగి ఆలోచిస్తుంది, డిఫెండర్ చెయ్యి పడేది అప్పుడే. భయం కూడా కండలాగే రోజూ కొంచెం కొంచెం పనిచేస్తేనే తీరుతుంది. ముందు మ్యాట్ మీద ఒంటరిగా ఫుట్‌వర్క్, తర్వాత దిశ మార్చడం, ఎవరూ పట్టుకోకుండా కూత, ఒక్క డిఫెండర్‌తో, తర్వాత నలుగురితో, ఆ తర్వాతే మ్యాచ్‌లో ఐదు నిమిషాలు. ఒక్కో మెట్టు మీద కనీసం వారం, పది రోజులు. మరుసటి రోజు పొద్దున్న మోకాలు ఉబ్బిందంటే ఒక మెట్టు కిందికి దిగు. మట్టి కోర్టు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి అది చివరికి పెట్టుకో.

మీ కోచ్ సార్‌కు ఈ పేజీ చూపించు. ఆయన చెడ్డవాడని నేననుకోను, నీ ఆట ఆయనకు కావాలి. కానీ మోకాలి నీక్యాప్ గుడ్డముక్క సార్, అది వెచ్చగా ఉంచుతుంది, ధైర్యమిస్తుంది, లోపల తాడును కాపాడదు. మ్యాచ్‌కు ముందు నొప్పి మాత్ర వేసుకోమని కొందరు చెబుతారు, అది ఇంకా తప్పు, నొప్పి ఆగు అని చెప్పే నోరు, దాన్ని మూస్తున్నాం. మీ జట్టు మొత్తానికి ఒక మేలు చెయ్యొచ్చు మీరు: ఫిఫావాళ్ళు 2006లో ఫుట్‌బాల్ కోసం తెచ్చిన 11 ప్లస్ అనే వార్మప్ ఉంది, ఇరవై నిమిషాలు పడుతుంది, పెద్ద ఉపకరణాలేవీ అక్కర్లేదు. దిగడం, తిరగడం, తొడ వెనక కండ బలం, అన్నీ అందులో ఉన్నాయి. క్రమం తప్పకుండా చేసిన జట్లలో దెబ్బలు తగ్గాయని పరీక్షించి చూశారు. ఒకే ఆటలో అబ్బాయిలకంటే అమ్మాయిలకు ఏసీఎల్ తెగడం రెండు మూడు రెట్లు ఎక్కువ, కాబట్టి అమ్మాయిల జట్టుకు ఇది మరీ అవసరం.

మీ నాయనకు ఇంకో మాట చెప్పు. రిషభ్ పంత్‌కు 2022 డిసెంబరు 30న కారు ప్రమాదం జరిగింది, మోకాలి లిగమెంట్లు తెగాయి. మళ్ళీ బ్యాటు పట్టి మ్యాచ్ ఆడింది 2024 మార్చిలో, దాదాపు 15 నెలలకు. అదే ఏడు జూన్‌లో టీ20 ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆగినవాడు ఆట వదిలినట్టు కాదు నాయనా. అమ్మాయికి రోజూ రెండు గుడ్లు, గుప్పెడు చెనిక్కాయలు, ఉలవచారు, పెరుగు పెట్టించండి. ఆటకు వద్దనకండి, కండకు తిండి పెట్టండి.

డిసెంబరులో పరీక్షలు పెట్టించుకుని లెక్కలు నాకు రాయి: తొడ కొలతలు, కుర్చీ సంఖ్యలు, లెగ్ ఎక్స్‌టెన్షన్ బరువులు. వీడియో కూడా పంపు.

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. మా పిల్లోడికి 14 ఏళ్ళు. వాలీబాల్‌లో పైకెగిరి దిగేటప్పుడు మోకాలు తిరిగింది. రెండు గంటల్లో బాగా ఉబ్బిపోయింది. మూడో రోజుకు వాపు కొంచెం దిగింది, కుంటుతూ నడుస్తున్నాడు. మా అత్తగారు పుత్తూరు కట్టు కట్టించమంటున్నారు, మూడు వారాల్లో మళ్ళీ ఆడతాడని. కట్టించమంటారా?

జవాబు: అమ్మా, మీకు ఫోన్‌లో ముందే చెప్పాను, మిగతా తల్లుల కోసం ఇక్కడ రాస్తున్నాను. దెబ్బ తగిలిన రెండు మూడు గంటల్లోనే మోకాలు ఉబ్బిందంటే లోపల రక్తం చేరిందని. నెమ్మదిగా, మరుసటి రోజుకు వచ్చే వాపు వేరు, ఇది వేరు. ఏసీఎల్ తెగినా, ఎముక చిట్లినా, చిప్ప పక్కకు జారి మళ్ళీ చోటికొచ్చినా ఇట్లా ఉబ్బుతుంది. 14 ఏళ్ళ పిల్లల్లో ఇంకో సంగతి ఉంది: వాళ్ళ లిగమెంటు ఎముకకంటే గట్టిగా ఉండి, లిగమెంటు తెగకుండా అది అంటుకుని ఉన్న ఎముక ముక్క ఊడొస్తుంది. అది ఎక్స్‌రేలో కనపడుతుంది, తొందరగా చూస్తే చోటికి తెచ్చి సరిచెయ్యొచ్చు. ఎముకలు ఎదిగే కణుపులు కూడా ఈ వయసులో మోకాలి దగ్గర ఇంకా మూసుకోకుండా ఉంటాయి, వాటికీ దెబ్బ తగిలి ఉండొచ్చు.

పుత్తూరు కట్టు మీద మన జిల్లా జనానికి ఎంత నమ్మకమో నాకు తెలుసు, మా జేజి చెయ్యి విరిగితే అక్కడికే తీసుకెళ్ళాం. కానీ కట్టు పని విరిగిన ఎముకను కదలకుండా నిలపడం. మోకాలి లోపల తెగిన లిగమెంటు కట్టుతో అతుక్కుంటుందని నమ్ముకోవద్దు, పైగా మూడు వారాలు కదలకుండా కడితే మోకాలు బిగుసుకుపోతుంది, తొడ కండ కరిగిపోతుంది. నూనె పెట్టి రుద్దొద్దు, వేడినీళ్ళు పొయ్యొద్దు. గుడ్డలో ఐసు చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు, రోజుకు నాలుగైదుసార్లు. కాలు దిండు మీద ఎత్తుగా. తిరుపతిలో రుయా ఆసుపత్రి ఉంది, బర్డ్ ఎముకల ఆసుపత్రి ఉంది, ఎముకల డాక్టరు చూసి ఎక్స్‌రే తీశాక ఎమ్మారై అవసరమో కాదో చెబుతారు. మోకాలు పూర్తిగా చాచలేక మధ్యలో ఇరుక్కుపోయినా, కాలు మోపలేకపోయినా ఆ రోజే వెళ్ళాలి, ఆదివారమైనా సరే.

మీ అబ్బాయి ఆడేది ఎప్పుడో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. బడిలో పీఈటీ సార్‌కు మాత్రం ఒక కాగితం రాసివ్వండి, పిల్లాడు ఉత్సాహంగా అడిగినా కోర్టులోకి పంపొద్దని.

ప్రశ్న: నా వయసు 47. చిత్తూరులో ప్రభుత్వోద్యోగం. పన్నెండేళ్ళుగా రోజూ పొద్దున షటిల్ ఆడుతున్నాను. రెండు నెలల నుంచి కుడి మోకాలు లోపలివైపు నొప్పి. ఎమ్మారైలో మెనిస్కస్ అరిగి చిరిగిందన్నారు, ఆపరేషన్ అక్కర్లేదు, వ్యాయామం చెయ్యమన్నారు. చిరిగింది ఆపరేషన్ లేకుండా ఎట్లా బాగవుతుంది? షటిల్ ఎప్పుడు మొదలుపెట్టొచ్చు? మా అమ్మాయి పెళ్ళి కుదిరితే అలిపిరి నుంచి నడిచి వస్తానని మొక్కుకున్నాను, కుదిరింది కూడా. అది ఎట్లా?

జవాబు: శుభం, ముందుగా మీ ఇంటిల్లిపాదికీ. మీ డాక్టరు మీకు మంచి మాట చెప్పారు. ఫిన్లాండ్‌లో మీలాంటి చిరుగు ఉన్న, 35 నుంచి 65 ఏళ్ళ మధ్య 146 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మెనిస్కస్‌లో చిరిగిన ముక్క కత్తిరించారు, రెండో గుంపుకు కోత పెట్టి లోపల కెమెరాతో చూసి, మెనిస్కస్‌ను కత్తిరించకుండానే కుట్టేశారు. ఎవరికి ఏది జరిగిందో వాళ్ళకు తెలీదు. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపులూ ఒకేలా కోలుకున్నాయి. ఇది 2013లో వచ్చింది. మోకాలు మధ్యలో ఇరుక్కుని చాచలేకపోతే ఆ కథ వేరు, అప్పుడు మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మీకు కావాల్సింది తొడ కండ. వారానికి మూడు రోజులు, ఒక రోజు విడిచి ఒక రోజు: కుర్చీలో కూర్చుని లేవడం, గోడకు వీపు ఆనించి సగం కూర్చోవడం, ఇంటి మెట్టు మీద ఒక కాలు ఉంచి రెండో కాలి మడమ నేలకు తాకించి మళ్ళీ పైకి రావడం. ఈ చివరిది మీ మొక్కుకు పనికొస్తుంది, ఎందుకో చెబుతాను. షటిల్ ఆరు వారాల తర్వాత, ముందు సగం కోర్టులో ముచ్చటగా పదిహేను నిమిషాలు. ముందుకు పెద్ద అడుగు వేసి నెట్ దగ్గర షటిల్ అందుకోవడం, స్మాష్ కొట్టి ఒంటికాలిమీద దిగడం, ఇవి ఆఖర్న. ఆడేటప్పుడు కొంచెం నొప్పి ఉంటే పరవాలేదు, ఇరవై నాలుగు గంటల్లో తగ్గిపోవాలి. మరుసటి పొద్దున మోకాలు బిగుసుకున్నా, ఉబ్బినా మీరు ఎక్కువ ఆడారనే.

ఇక కొండ. అలిపిరి దారిలో 3550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారిలో 2388 మెట్లే గానీ అన్నీ రెండు కిలోమీటర్ల చిల్లరలోనే, నిట్టనిలువు. దగ్గరి దారి కదా అని అటు పోకండి. అలిపిరిలో గాలిగోపురం దాటాక చాలాదూరం నడకే, మోకాలికి కాస్త తెరిపి దొరుకుతుంది. ఆ తర్వాత వచ్చేది మోకాళ్ళ పర్వతం. రామానుజాచార్యులవారు మోకాళ్ళ మీద ఎక్కారని చెప్పుకునే చోటు, చాలామంది భక్తులు అక్కడ మోకాళ్ళ మీద ఎక్కుతారు. మీరు మాత్రం కాళ్ళ మీదే ఎక్కండి. చేతికర్ర తీసుకోండి, వంద మెట్లకోసారి నిలబడండి, తెల్లవారుజామున చల్లపొద్దున బయలుదేరండి. ఈలోపు ఎనిమిది వారాలు మీ ఆఫీసు మెట్లు లిఫ్టు లేకుండా ఎక్కి, సంఖ్య పెంచుకుంటూ రండి.

ఎక్కడంకంటే దిగడంలోనే చిప్పమీదా, మెనిస్కస్ మీదా భారం ఎక్కువ. ఇందాక మడమ తాకించమన్నది అందుకే. అయినా మీరు మొక్కుకున్నది నడిచి ఎక్కుతాననే కదా, నడిచి దిగుతానని కాదు. దర్శనమయ్యాక తిరుమల బస్టాండులో ఆర్టీసీ బస్సెక్కండి. కిటికీ పక్క సీటు అడిగి కాలు చాపుకుని కూర్చోండి, ఇంటికొచ్చాక ఇరవై నిమిషాలు ఐసు పెట్టండి. షటిల్ మూడు రోజులాగి.